ఎవరి వ్యాకరణం? ఎవరి క్రియ?

వ్యాకరణం ఆకాశం నుంచి ఊడిపడలేదు. కానీ మన బళ్ళలో దాన్ని అలాగే బోధిస్తున్నాం. ఇంగ్లీషులో భాషాభాగాలు ఎనిమిది, తెలుగులో అయిదు అని నల్లబల్ల మీద రాసి పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం. ఎనిమిదే ఎందుకు, అయిదే ఎందుకు, ఆ లెక్క ఎవరు వేశారు, ఎవరి అవసరం కోసం వేశారు అన్న ప్రశ్నలు ఎక్కడా వినిపించవు. పంచాంగంలో తిథివార నక్షత్రాల్లాగా భాషాభాగాలు కూడా అనాదిగా ఉన్నవేనని ఉపాధ్యాయుడూ నమ్ముతాడు, విద్యార్థీ నమ్ముతాడు.

ఈ నమ్మకానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరు? సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని అనంతపురం పీఠభూమిలో, వేరుశనగ పంట ఎండిన ఏడు తల్లిదండ్రులు బెంగుళూరుకు వలసపోతే అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్ల చెల్లిస్తున్నది. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పితే ఆ పిల్ల బతుకు తిరిగి కూలి దగ్గరికే వస్తుంది. ఆమెకు ఇంగ్లీషు రాకపోవడానికి మనం చెప్పే కారణాలు తెలివి, శ్రద్ధ, ఇంటి వాతావరణం. మనం చెప్పే వ్యాకరణంలోనే లోపం ఉందేమోనని అనుమానించం. ఆ అనుమానానికి చారిత్రకంగా గట్టి ఆధారాలున్నాయని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

ముందు ఈ ఎనిమిది గదుల పుట్టుక చూద్దాం.

ప్లేటో వాక్యాన్ని రెండుగా చూశాడు. ఒకటి పేరు, రెండోది ఆ పేరును గురించి చెప్పేది. క్రీస్తుకు పూర్వం సుమారు 100 ప్రాంతంలో అలెగ్జాండ్రియా పండిత సంప్రదాయానికి చెందిన డయొనీసియస్ థ్రాక్స్ పేరు మీద ఉన్న గ్రీకు వ్యాకరణం మాటల్ని ఎనిమిది తెగలుగా విభజించింది. పాతబడిపోయిన హోమర్ కావ్యాలను చదివి అర్థం చేసుకోవడం ఆనాటి పండితుల అవసరం. ఆ ఎనిమిదిలో విశేషణానికి ప్రత్యేక స్థానం లేదు, అది నామంలోనే కలిసి ఉంది. నామ లక్షణమూ క్రియా లక్షణమూ రెండూ కలిగిన మాటలకు మాత్రం, మనం పార్టిసిపుల్ అంటున్న దానికి, ఒక ప్రత్యేకమైన గది ఉంది. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి, దీనితో ముందు పని ఉంది.

రోమన్లు ఆ చట్రాన్ని లాటిన్‌కు తొడిగారు. గ్రీకులో ఉన్న ఆర్టికల్ లాటిన్‌లో లేదు. మరి ఎనిమిది అంకె తగ్గకూడదు గనుక ఆశ్చర్యార్థకాలకు ఒక గది కట్టి లెక్క సరిచేశారు. ఆ లాటిన్ చట్రం మఠాల్లో, న్యాయస్థానాల్లో, విశ్వవిద్యాలయాల్లో వెయ్యేళ్ళకు పైగా రాజ్యమేలింది. 1586లో విలియం బుల్లోకర్ ఇంగ్లీషుకు మొదటి వ్యాకరణం రాసినప్పుడు ఇంగ్లీషుకూ లాటిన్‌కు ఉన్నంత క్రమం ఉందని చూపించడమే ఆయన తాపత్రయం. 1795లో లిండ్లీ మరే రాసిన వ్యాకరణంలో భాషాభాగాలు తొమ్మిది. విశేషణం వేరుపడింది, ఆర్టికల్ తిరిగి వచ్చింది, పార్టిసిపుల్ గది మాయమైంది. పందొమ్మిదో శతాబ్దం చివర నెస్‌ఫీల్డ్, 1935లో రెన్ అండ్ మార్టిన్ భారతదేశపు బళ్ళ కోసం ఇదే సరుకును కట్టలు కట్టి అందించారు. రెన్ అండ్ మార్టిన్ పుస్తకం మొదట ఇక్కడి ఆంగ్లేయ అధికారుల పిల్లల్ని దృష్టిలో పెట్టుకొని రాసినది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్లలకు ఆ భాషలోని తప్పొప్పులు దిద్దే పుస్తకాన్ని, ఇంగ్లీషు చెవిన కూడా పడని పిల్లలకు భాష నేర్పే పుస్తకంగా మనం వాడుకుంటూ వచ్చాం.

మన దేశంలో లెక్క వేరు. యాస్కుడు నిరుక్తంలో నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగు చెప్పాడు. నామంలో వస్తువు ప్రధానం, ఆఖ్యాతంలో జరగడం ప్రధానం అని తేడా చూపాడు. పాణిని పదాన్ని దాని చివర చేరే ప్రత్యయాన్ని బట్టి సుబంతం, తిఙంతం అని రెండుగానే తేల్చాడు. తమిళంలో తొల్కాప్పియం తన భాష నడకను చూసి నాలుగు చెప్పింది. అంటే ఎనిమిది, తొమ్మిది, నాలుగు, రెండు, వీటిలో ఏదీ ప్రకృతి సూత్రం కాదు. ఒక్కో సమాజం ఒక్కో భాషను ఒక్కో ప్రయోజనం కోసం విడదీసి చూసిన పద్ధతులివి.

మాటల్లో కూడా ఈ తేడా కనబడుతుంది. వెర్బ్ అనే ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ మాటకు అర్థం 'మాట' అని మాత్రమే. మన క్రియ అన్న మాటకు అర్థం 'పని'.

2

ఈ రెండు లెక్కలూ తెలుగు నేల మీద ఎప్పుడు ఎదురుపడ్డాయి?

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా అనంతపురం కేంద్రంగా పని చేశాడు. శిస్తు వసూలు చేయాలన్నా, రైతు అర్జీ చదవాలన్నా, కరణం లెక్క తనిఖీ చేయాలన్నా దొరకు తెలుగు రావాలి. ఈ అవసరంలోంచే 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల పుట్టింది. దాన్ని స్థాపించడంలో ముఖ్యుడు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్. 1814లో శ్రీరాంపురంలో విలియం కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది. 1816లో మద్రాసు కళాశాల ముద్రణాలయం నుంచి ఎ. డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వెలువడింది.

కాంప్‌బెల్ వ్యాకరణానికి ఎల్లిస్ చేర్చిన ఉపోద్ఘాతపు వివరణ ఆ గ్రంథంకన్నా చరిత్రలో పెద్దది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబానికి చెందినదని ఎల్లిస్ అందులో నిరూపించాడు. కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం వెలువడిన 1856కు అది నలభై ఏళ్ళ ముందు మాట. ఆ నిరూపణకు ఆధారం ఏమిటి? నామాలు కావు. నామాలు ఎరువు తెచ్చుకోవడం తేలిక, సంస్కృతం నుంచి తెలుగు వేల కొద్దీ తెచ్చుకున్నది కూడా. ఎల్లిస్ క్రియాధాతువులను తీసుకున్నాడు. కళాశాలలో తెలుగు, సంస్కృతం బోధించిన పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతుమాలను ముందు పెట్టుకొని, అక్షరక్రమంలో సంస్కృత ధాతువులతో పోల్చి, రెండూ కలవవని చూపాడు. ఆ తరువాత తెలుగు, తమిళ, కన్నడ ధాతువులు ఎలా కలుస్తాయో చూపాడు. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య ఆంధ్రదీపికలోని తత్సమ, తద్భవ, దేశ్య విభాగం కూడా ఆయనకు పనిముట్టయింది.

ఇందులో మనం గమనించవలసినవి రెండు. తెలుగు తెలుగుగా నిలబడ్డ చోటు క్రియ. పండితుడి నామాలు ఎన్ని మారినా, తినడం, తాగడం, నడవడం, దున్నడం, ఏడవడం వంటి పనుల మాటలు జనం నోట పదిలంగా ఉన్నాయి. ఇది మొదటిది. ఇక రెండోది. ఆ నిరూపణ తెల్లదొరల మేధ ఒక్కదానితో జరగలేదు. తెలుగు పండితులు కూర్చిన జాబితాల మీద, తెలుగు వ్యాకరణ సంప్రదాయపు విభజనల మీద నిలబడింది. గ్రంథం మీద పేరు కాంప్‌బెల్‌ది, ఉపోద్ఘాతం ఎల్లిస్‌ది. శ్రమ ఎవరిదో చెప్పడానికి చరిత్రకారులకు దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది.

3

ఇంతవరకు మద్రాసు కథ. ఇప్పుడు పీఠభూమికి వద్దాం. తెలుగు వ్యాకరణం రాసిన కాంప్‌బెల్ తరువాత బళ్ళారి కలెక్టరుగా వచ్చాడు. అనంతపురం జిల్లా విడిగా ఏర్పడింది 1882లో కాబట్టి, ఆనాటి బళ్ళారి జిల్లా అంటే ఈ కరువు నేల కూడా అందులోదే. అప్పటికి మన్రో మద్రాసు గవర్నరు. 1822 జూన్ 25న ఆయన రాష్ట్రమంతటా ఉన్న దేశీయ పాఠశాలల లెక్క అడిగాడు. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న జవాబు పంపాడు.

ఆ లెక్క ఇది. జిల్లా జనాభా 9,27,857. బళ్ళు 533. చదివే పిల్లలు 6,641 మంది. అంటే వెయ్యి మందికి సుమారు ఏడుగురు. అందులో ఆడపిల్లలు 60 మంది. కన్నడం చెప్పే బళ్ళు 235, తెలుగు చెప్పేవి 226, మరాఠీ 23, పారసీ 21, తమిళం 4. బ్రాహ్మణులకు మాత్రమే శాస్త్రాలు చెప్పేవి 23. ఇంగ్లీషు చెప్పే బడి ఒకే ఒక్కటి.

ఈ అంకెలను చూపించి, తెల్లవాడు రాకముందు మన దేశం విద్యతో వెలిగిపోయిందని కొందరు వాదిస్తారు. వెయ్యికి ఏడుగురు చదివిన చోట, ఆడపిల్లలు అరవై మంది ఉన్న చోట ఆ వెలుగు ఎవరి ఇంటిదో చెప్పనక్కర లేదు. కానీ మరో పక్క వాదన, అంటే ఇంగ్లీషువాడు వచ్చి చీకట్లో దీపం పెట్టాడన్నది కూడా ఇదే నివేదిక ముందు నిలవదు. ఎందుకంటే జనం పేదవాళ్ళవుతున్నారనీ, ఐరోపా సరుకు దిగుమతి వల్ల చేతిపనుల వాళ్ళు చితికిపోయారనీ, ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళలో ఇప్పుడు లేదనీ కాంప్‌బెల్ తానే రాశాడు. ఉన్న 533 బళ్ళలో ఒక్కదానికి కూడా సర్కారు నుంచి సాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానని కూడా రాశాడు. కంపెనీ ఉద్యోగి కలం నుంచి వచ్చిన సాక్ష్యం ఇది.

మన విషయానికి ముఖ్యమైనది ఆ నివేదికలోనే ఇంకొకటి ఉంది. ఈ బళ్ళలో పిల్లలు చదివే పుస్తకాలు పద్యాల్లో ఉన్నాయనీ, ఆ భాషకూ మాట్లాడే భాషకూ పొంతన లేదనీ, లిపి ఒకటే గనుక పిల్లలు అక్షరాలు కూడబలుక్కొని చదవగలరు గానీ అర్థం తెలియదనీ, చాలాచోట్ల చెప్పే అయ్యవారికీ తెలియదనీ ఆయన గుర్తించాడు. పిల్లల వల్లెవేతను చిలకపలుకులతో పోల్చాడు. వ్యాకరణం రాసిన మనిషి గనుకనే ఆయనకు ఇది కనబడింది. కానీ ఆయన వ్యాకరణం రాసింది దొరల కోసం. చిలకపలుకులు పలికే ఆ 6,641 మంది పిల్లల కోసం వ్యాకరణం రాయడం ఆయన పని కాదు, ఆయనకు జీతం ఇచ్చే కంపెనీ పని అసలే కాదు.

4

ఆ పని తెలుగువాళ్ళు చేశారా?

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. పేరులో 'బాల' ఉంది. సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియా, కృదంత, ప్రకీర్ణకాలు అని పది పరిచ్ఛేదాలు. ఇందులో ఇంగ్లీషు వరస లేదు. సూరి సంస్కృత పద్ధతిలో తెలుగును విడదీశాడు. విమర్శించవలసినవి చాలా ఉన్నాయి. కావ్యభాషే లక్ష్యం, జనం నోటి మాట లక్షణానికి విరుద్ధమైతే గ్రామ్యం. ఆ గ్రామ్యమనే ముద్ర ఊళ్ళలో బతికే మనుషుల నోరు నొక్కడానికి తరువాతి పండితులకు ఎంత బాగా ఉపయోగపడిందో మనకు తెలుసు. 1911 తరువాత గిడుగు రామమూర్తి, గురజాడ, వారితోపాటు స్కూళ్ళ తనిఖీ అధికారి యేట్స్ బడి దగ్గరినుంచే పోరాటం మొదలుపెట్టడానికి కారణం అదే.

కానీ సూరిని తిరస్కరించే తొందరలో ఒక మంచి పనిముట్టును కూడా మనం పారేశాం. క్రియాపరిచ్ఛేదంలో ఆయన భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మార్థకం అని నాలుగోదాన్ని గుర్తించాడు. అంటే ఇప్పుడు జరుగుతున్నది కాదు, ఎప్పుడూ జరిగేది, స్వభావంగా ఉన్నది. అలాగే వ్యతిరేకార్థక క్రియను ప్రత్యేకంగా చెప్పాడు. తెలుగులో 'కాదు' అనడం క్రియ బయట ఉండదు, క్రియ లోపలే ఉంటుంది. 'పోతాను' అన్నదానికి ఎదురుగా 'పోను' నిలుస్తుంది.

బడిలో తరువాత స్థిరపడింది సూరి పద్ధతీ కాదు, గిడుగు ఆశించినదీ కాదు. నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అనే అయిదు భాషాభాగాల పట్టిక. ఈ మాటలు సంస్కృతం, అమరిక ఇంగ్లీషుది. పాణిని సర్వనామం అన్నది సర్వ శబ్దంతో మొదలయ్యే ఒక జాబితాకు. అందులో 'అన్య', 'పూర్వ', 'ఏక' కూడా ఉన్నాయి. దాన్ని తీసుకొచ్చి ప్రొనౌన్‌కు అతికించాం. ఇంగ్లీషులో ఎక్కడా ఇమడని వాటిని, అంటే ఆడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్‌జెక్షన్ అన్నిటినీ అవ్యయం అనే ఒకే గోనెసంచిలో కుక్కాం. తెలుగులో ప్రిపొజిషన్ లేదు, విభక్తి మాటకు వెనక చేరుతుంది. ఆర్టికల్ లేదు. అయినా పట్టిక కుదిరిందని సంతృప్తి పడ్డాం. వలస పాలకుడి వ్యాకరణాన్ని పండితుడి పరిభాషలో పెట్టుకోవడం అంటే ఇదే. రెండు అధికారాలు చేతులు కలిపాయి, మాట్లాడే మనిషి రెండింటికీ బయట నిలబడ్డాడు.

5

దీని ఫలితం తరగతి గదిలో ఎలా ఉంటుందో కొన్ని ఉదాహరణలతో పరిశీలిద్దాం. వీటిని పిల్లల తప్పులని అంటున్నాం. వీటి వెనక ఉన్నది తప్పు కాదు, క్రమం.

'ఇది మా ఊరు.' ఇందులో క్రియ లేదు. 'ఈ ఏడు కరువు.' ఇందులోనూ లేదు. తెలుగులో ఇవి నిండు వాక్యాలు. క్రియ లేనిదే వాక్యం లేదన్న సూత్రం ఇంగ్లీషుకు నిజం, తెలుగుకు కాదు. చేకూరి రామారావు 1975లో ప్రచురించిన 'తెలుగు వాక్యం' ఇటువంటి క్రియారహిత వాక్యాలను శాస్త్రీయంగా వివరించింది. కానీ బడి పుస్తకం దాకా ఆ వివరణ రాలేదు. మన పిల్ల 'దిస్ మై విలేజ్' అని రాస్తుంది. ఆమె తెలుగు వ్యాకరణాన్ని పొల్లుపోకుండా పాటించింది. 'మన వాక్యానికి ఇక్కడ క్రియ అక్కర లేదు, వాళ్ళ వాక్యానికి కావాలి' అని ఒక్క మాట చెబితే పని జరిగేది. దానికి బదులు 'ఈజ్, యామ్, ఆర్ మరిచిపోతావా' అని కొడతాం. దెబ్బలకు భయపడి ఆమె రేపు 'ఐ యామ్ గో టు స్కూల్' అని అన్నిచోట్లా చేరుస్తుంది. దానికి మళ్ళీ కొడతాం.

'ఐ గో టు స్కూల్' అన్నదాన్ని ప్రెజెంట్ టెన్స్ అంటాం, ప్రెజెంట్ అంటే వర్తమానం అంటాం. కొన్ని గైడ్లలో దానికి అర్థం 'నేను బడికి వెళ్ళుచున్నాను' అని ఉంటుంది. అది తప్పు. ఆ ఇంగ్లీషు వాక్యం చెప్పేది రోజూ బడికి పోయే అలవాటును. అది సూరి చెప్పిన తద్ధర్మం. 'మేము సంగటి తింటాం', 'ఎండాకాలం బావులు ఎండుతాయి' అన్నప్పుడు మన పిల్లలు ఆ తద్ధర్మాన్ని పుట్టినప్పటి నుంచి వాడుతున్నారు. అయితే అదే 'తింటాం' రేపటి పనికి కూడా సరిపోతుంది. ఇంగ్లీషు ఆ రెండింటినీ విడదీసి, రేపటి దానికి 'విల్' పెడుతుంది. ఈ ఒక్క ముడి విప్పితే టెన్సుల పాఠంలో సగం గందరగోళం పోతుంది. ముడి విప్పే పనిముట్టు మన పాత వ్యాకరణంలోనే ఉంది. దాన్ని పద్యభాష కోసం దాచిపెట్టి, ఇంగ్లీషు పాఠానికి లాటిన్ పేర్ల అనువాదం వాడుతున్నాం.

'వాన రాలేదు' అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే వచ్చిన అనే క్రియను మొదటి రూపానికి దించి, 'డిడ్' అనే ఇంకో క్రియను తెచ్చి, దాని పక్కన 'నాట్' పెట్టాలి. మన పిల్ల 'రెయిన్ నాట్ కేమ్' అంటుంది. కాలం చూపించాలన్న తెలివి ఆమెకు ఉంది. వ్యతిరేకం చెప్పాలన్న తెలివి ఉంది. ఇంగ్లీషు ఆ కాలాన్ని అసలు క్రియ మీద నుంచి తీసి 'డు' మీద పెడుతుందన్న సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు.

'ఎండిన చెరువు', 'ఎండే చెరువు', 'ఎండని చెరువు.' ఈ ఎండిన, ఎండే, ఎండని అనేవి విశేషణాలా, క్రియలా? అయిదు గదుల పట్టిక ముందు ఉపాధ్యాయుడు తడబడతాడు. ధాతుజ విశేషణం అని ఒక పేరు ఉంది గానీ అది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న మాత్రమే. గ్రీకువాళ్ళు రెండు వేల ఏళ్ళ కిందట కట్టిన ఆ రెండు లక్షణాల గది ఇక్కడ కావాలి. ఇంగ్లీషు బడి వ్యాకరణం తనకు అక్కర లేదని తీసేసిన గది తెలుగుకు నడి ఇల్లు వంటిది. 'నిన్న వచ్చిన మనిషి' అనే మూడు మాటలకు ఇంగ్లీషు 'హూ' పెట్టి వెనక ఒక వాక్యం కట్టాలి. మనిషి ముందు రావడం, అతని సంగతి తరువాత రావడం ఆ భాష నడక. ఈ తారుమారును చూపించకుండా రిలెటివ్ ప్రొనౌన్ నిర్వచనం వల్లె వేయిస్తే ఏం లాభం?

ఇక అసలైన చోటుకు వద్దాం. తెలుగులో కాలు, కాల్చు అని రెండు ధాతురూపాలు. తెగు, తెంచు. విరుగు, విరుచు. అణగు, అణచు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో ప్రచురించిన తెలుగు క్రియాధాతువుల పరిశోధన ఈ రూపాల చరిత్రను మూలద్రావిడం దాకా తీసుకుపోయింది. ఇంగ్లీషులో 'బర్న్' అన్న ఒక్క మాట కాలడానికీ కాల్చడానికీ సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు. 'గుడిసెలు కాలాయి' అంటే ఒకటి, 'గుడిసెలు కాల్చారు' అంటే మరొకటి. రెండో వాక్యం అనగానే 'ఎవరు?' అన్న ప్రశ్న లేస్తుంది. మన భాష క్రియ దగ్గరే ఆ తేడా పాటించమంటుంది. రచయిత ఏ రూపం ఎన్నుకుంటాడన్నదాన్ని బట్టి అతను ఎవరి పక్కన ఉన్నాడో తెలుస్తుంది.

కర్త సంగతీ అంతే. పాణిని కారకాల్లో కర్త అంటే పని చేసినవాడు. కర్మణి ప్రయోగంలో కూడా అతను కర్తే, విభక్తి మాత్రం మారుతుంది. ఇంగ్లీషు సబ్జెక్ట్ అలా కాదు, కర్మణిలో చేయించుకున్నది సబ్జెక్ట్ స్థానానికి వస్తుంది. మనం సబ్జెక్ట్ అంటే కర్త అని అనువాదం చేసి రెండింటినీ కలిపేశాం. 'బడు' చేర్చే కర్మణి కావ్యభాషలో ఉన్నదే, కానీ జనం మాటల్లో అరుదు. కచేరీ భాషలో, ఇంగ్లీషు ఉత్తర్వుల అనువాదాల్లో, పత్రికల్లో అది విరివిగా పెరిగింది. 'కరువు మండలముగా ప్రకటింపబడినది', 'భూములు సేకరింపబడును', 'పాఠశాల మూసివేయబడినది.' ఎవరు ప్రకటించారు, ఎవరు సేకరిస్తారు, ఎవరు మూశారు? క్రియ ఉంది, కర్మ ఉంది, కర్త తప్పించుకున్నాడు. ఊరి మనిషి ఇలా మాట్లాడడు. 'మా బడి మూసేసినారు' అంటాడు. పేరు చెప్పకపోయినా ఆ 'నారు'లో చేసినవాళ్ళు ఉన్నారని చెబుతాడు.

6

ఈ పీఠభూమి పిల్ల మోసే బరువు ఒక్క ఇంగ్లీషే కాదు. ఇంట్లో 'వస్తాండాడు', 'వచ్చినాడు', 'వాన రాల్యా' అంటుంది. పాఠ్యపుస్తకం 'వస్తున్నాడు', 'వచ్చాడు', 'రాలేదు' అంటుంది. పద్యభాగం 'వచ్చుచున్నాడు' అంటుంది. ఆ పైన ఇంగ్లీషు. ఒకే పనికి నాలుగు క్రియలు. వ్యావహారిక ఉద్యమం గ్రాంథికాన్ని ఓడించింది గానీ, దాని స్థానంలో ప్రమాణంగా నిలిచినది కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ళ మాట. సీమ క్రియ మళ్ళీ యాస అన్న పేరుతో బయటే ఉండిపోయింది. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వచ్చిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం ఊరూరా తిరిగి రైతు నోటి మాటలను పోగుచేసింది. ఆ మాటల సంపద పరిశోధకుల బీరువాలో ఉంది, బడిపిల్ల సంచిలో లేదు.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టాలని ఉత్తర్వులిచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసినప్పుడు, రెండు పక్కలా పెద్ద గొంతులు వినబడ్డాయి. తమ పిల్లల్ని కాన్వెంటుల్లో చదివించుకున్న పెద్దలు పేదల పిల్లలకు తెలుగు తల్లి ప్రేమను బోధించడం చూసి దళిత రచయితలు కోపగించుకోవడంలో న్యాయం ఉంది. ఇంగ్లీషు ఈ దేశంలో ఉద్యోగానికి, న్యాయస్థానానికి, పై చదువుకు తలుపు. ఆ తలుపు కొందరికే తెరిచి ఉండాలన్నది అభ్యుదయం కాదు. అయితే మాధ్యమం మార్చినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. పద్యాన్ని అర్థం లేకుండా చదివించిన 1823 నాటి బడికీ, ఇంగ్లీషు పేరాను అర్థం లేకుండా చదివించే బడికీ తేడా లిపిలోనే ఉంటుంది. పిల్లకు తెలిసిన క్రియ నుంచి తెలియని క్రియకు నడిపించే దారి వేయకుండా మాధ్యమం పేరు మార్చడం చిలకకు పంజరం మార్చడమే.

ఈ దారి వేయడానికి కావలసిన సామగ్రి కొత్తగా ఎక్కడినుంచో తేనక్కరలేదు. సూరి తద్ధర్మం ఉంది. పాణిని కర్త ఉంది. గిడుగు నేర్పిన వినికిడి ఉంది. కృష్ణమూర్తి, చేకూరి చూపిన శాస్త్ర పద్ధతి ఉంది. వీటన్నిటికన్నా ముందు తరగతి గదిలో కూర్చున్న పిల్ల నోట్లో ఒక నిండు వ్యాకరణం ఉంది. లోపించింది ఒక్కటే, ఆ పిల్లకోసం వ్యాకరణం రాయాలన్న నిర్ణయం. గ్రీకు పండితుడు కావ్యం చదవడానికి రాశాడు, కాంప్‌బెల్ కచేరీ నడపడానికి రాశాడు, సూరి పద్యం నిలబెట్టడానికి రాశాడు. వాళ్ళ వాళ్ళ పని వాళ్ళు నిజాయితీగానే చేశారు. కూలివాడి బిడ్డకోసం రాయవలసిన పని మిగిలి ఉంది.

ఇది ఉపాధ్యాయుల పని మాత్రమే అని రచయితలు తప్పుకోరాదు. 'వస్తాండాడు' అన్న క్రియ కథలో పాత్ర నోట ఒకటి రెండు సార్లు పలికించి, కథకుడి వాక్యం మాత్రం ప్రమాణభాషలో రాసుకునే అలవాటు మనలో ఎంతమందికి లేదు? 'గుడిసెలు తగలబడ్డాయి' అని రాసే చేతిని ఒక్క క్షణం ఆపి 'తగలబెట్టారు' అని రాయాలా అని ఆలోచించేది ఎందరు? తెలుగు ఎమ్మే చదివే విద్యార్థులు బాలవ్యాకరణ సూత్రాలను పరీక్షకోసం కంఠస్థం చేస్తున్నారు. అందులో ఒక్క క్రియాపరిచ్ఛేదాన్ని తీసుకొని తమ ఊరి మాటలతో, ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూస్తే ఆ సూత్రాలకు ప్రాణం వస్తుంది, ఇంగ్లీషు పాఠానికీ దారి దొరుకుతుంది.

పని పేరే క్రియ అన్న భాష మనది. పని చేసేవాళ్ళ పిల్లలు ఆ పాఠంలోనే తప్పుతున్నారంటే, దిద్దవలసింది వాళ్ళ నోట్సు పుస్తకాన్ని కాదు.